షీల్డు ఇవ్వని సభకు మీ పిల్లల్ని పంపమని అడుగుతున్నాను

మా స్కూలు రాకెట్ క్లబ్బులో ఉన్న తెలుగు పిల్లల అమ్మానాన్నలకు,

నమస్కారం.

క్లబ్బు నడిపే సైన్సు టీచరుగారు మూడు వారాల కిందట మీ అందరికీ ఒక ఈమెయిల్ పంపారు. పిల్లల్ని నార్‌కాన్‌కి, అంటే మోడల్ రాకెట్లు ఎగరేసేవాళ్ళ జాతీయ సభకి, తీసుకెళ్తున్నాం, ఫారం మీద సంతకం పెట్టి పంపండి అని. క్లబ్బులో పిల్లలు 14 మంది. అందులో 9 మంది మన తెలుగిళ్ళ వాళ్ళు. మొన్న శుక్రవారం సాయంత్రానికి టీచరుగారి బల్ల మీదున్న ఫారాలు 6. మనవాళ్ళు కాని అయిదుగురు పిల్లలవీ 5 వచ్చేశాయి. ఆరోది మా అబ్బాయిది.

"మీవాళ్ళకి నేను రాసింది సరిగ్గా అర్థం కాలేదా?" అని ఆవిడ నన్ను అడిగారు. బాగా అర్థమైంది కాబట్టే పంపలేదండీ అని చెప్పలేక నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. తెలుగులో ఎందుకంటే, ఇందులో కొన్ని మాటలు ఇంగ్లీషులో చెప్పడం నాకు చేతకాదు. మన వాట్సాప్ గ్రూపుతో ఆపకుండా నలుగురూ చదివేలా ఎందుకంటే, పక్క ఊళ్ళలో ఇలాంటి క్లబ్బులకే సాయపడుతున్న ఇద్దరు నాన్నలు తమ దగ్గరా ఇదే కథ అన్నారు.

మీరు నన్ను అడిగినవన్నీ గుర్తున్నాయి. గుడి పార్కింగులో ఒకాయన, "అందులో కాంపిటీషన్ ఏముందండీ?" అన్నారు. ఏమీ లేదన్నాను. "పోనీ సర్టిఫికెట్?" మెడలో వేసుకోవడానికి పేరు రాసిన బ్యాడ్జీ ఇస్తారన్నాను. ఆయన నా వైపు జాలిగా చూసి ఇంత ప్రసాదం చేతిలో పెట్టారు. ఇంకొకావిడ, "అదే వారం మ్యాథ్ కాంటెస్ట్ ఉందండీ. దాని స్కోరు కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవచ్చు. దీని గురించి ఏం రాస్తాం?" అన్నారు. మరొకాయన ఇంకా సూటిగా: "టార్క్ ఫైనల్స్ అయితే సెలవు పెట్టి నేనే తీసుకొస్తాను. ఊరికే మాటలు వినడానికి ఎనిమిది గంటలు వ్యాన్‌లోనా?"

నాకు కోపం రాలేదు. మనమంతా ర్యాంకుల మెట్లెక్కి ఈ దేశం వచ్చినవాళ్ళమే. మన రోజుల్లో ఎంసెట్ ర్యాంకు అడగని పెళ్ళిచూపులు కూడా తక్కువ. ఏ పనికైనా చివర్లో ఒక అంకె రావాలి, రాకపోతే ఆ పని చేసినట్టు లెక్క కాదు. నేనూ అలాగే ఉండేవాణ్ణి, పోయిన ఏడాది దాకా.

టార్క్ తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. దాని పేరు ఇప్పుడు అమెరికన్ రాకెట్రీ ఛాలెంజ్, పిల్లలు మాత్రం పాత పొట్టిపేరే వాడతారు. 2003 నుంచి జరుగుతోంది. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు జట్టుగా ఒక రాకెట్ కట్టి, లోపల పచ్చి కోడిగుడ్డు పెట్టి, ఆ ఏడాది చెప్పిన ఎత్తుకి పంపి, చెప్పినంత సమయంలో కిందికి దించాలి. ఎత్తులో ఎన్ని అడుగులు తేడా వస్తే అన్ని పాయింట్లు నెత్తిన పడతాయి. సమయం తప్పితే ఇంకొన్ని. గుడ్డు పగిలితే ఆ ఫ్లైట్ లెక్కలోకే రాదు. దేశం మొత్తం మీద మంచి స్కోర్లు తెచ్చుకున్న 100 జట్లను మే నెలలో వర్జీనియాలోని ది ప్లెయిన్స్ అనే ఊరి దగ్గర గ్రేట్ మెడో మైదానానికి పిలుస్తారు. సున్నా వస్తే అన్నిటికన్నా గొప్ప. పిల్లలు సున్నా తేవాలని మనిళ్ళలో మొక్కుకునే సందర్భం ఇదొక్కటే అనుకుంటాను.

పోయిన ఏడాది మన జట్టు సంగతి మీలో చాలామందికి "గుడ్డు పగిలిందట" అనేదాకే తెలుసు. మిగతాది నేను చెప్పాలి.

అసలు ఫ్లైట్లకు వారం ముందు ఒక ప్రాక్టీసు పెట్టుకున్నాం. చలి, పొలంలో గాలి, తొందరగా చీకటిపడే రోజులు. టార్క్‌లో రాకెట్ గీయడం, కట్టడం, ఎగరేయడం అంతా పిల్లలే చెయ్యాలి, పెద్దలు చెయ్యిపెట్టకూడదు. అది నాకు తెలుసు. ప్రాక్టీసే కదా అనుకున్నాను. మూడో ఫ్లైటుకి పిల్లలు పారాషూట్ మడవడానికి పది నిమిషాలు తీసుకుంటుంటే నాకు టెన్షన్. "తప్పుకోండి, నేను పెడతా" అన్నాను. మోటారు మండడం అయిపోయి కొన్ని సెకన్లు గడిచాక చివర్లో చిన్న మందు పేలుతుంది. ఆ వేడి గాలే పారాషూట్‌ని బయటికి తోస్తుంది. ఆ వేడికి ప్లాస్టిక్ కాలిపోకుండా మధ్యలో నిప్పంటుకోని పీచు కూరాలి. పాత కాగితంతో చేసిన ఆ బూడిదరంగు పీచుని ఈ హాబీలో వాళ్ళు ముద్దుగా 'కుక్క కక్కు' అంటారు. పిల్లలకు ఆ పేరంటే ప్రాణం. దోసెడు కూరాల్సింది నేను చిటికెడు కూరాను. పారాషూట్‌ని మాత్రం సంక్రాంతి బస్సులో సీటు కింద సంచీ కుక్కినట్టు కుక్కాను.

రాకెట్ బ్రహ్మాండంగా లేచింది. పైన టప్పుమని చప్పుడు కూడా వినపడింది. బయటికొచ్చింది మాత్రం పారాషూట్ కాదు, కరిగి ముద్దకట్టిన ప్లాస్టిక్ ఉండ. మూడు నెలలు కూర్చుని కట్టిన రాకెట్ ముక్కు కిందికి పెట్టుకుని నేరుగా వచ్చి దుక్కిలో జానెడు లోతు దిగబడింది. గుడ్డు గురించి చెప్పక్కర్లేదు. పిల్లలు వారంలో ఇంకోటి కట్టారు. తొందరలో ఒక రెక్క వంకరగా అంటుకుంది. క్వాలిఫై కాలేదు.

ప్రాక్టీసు రోజు సాయంత్రం కారులో మావాణ్ణి అడిగాను: "బటన్ నొక్కేముందు ఒకసారి చూసుకోవద్దూ?" వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. "నువ్వే కదా నాన్నా పెట్టింది" అనలేదు. ఇంటికెళ్ళాకా అనలేదు. మంచి పిల్లాడు కాబట్టి అనలేదని కొన్నాళ్ళు మురిసిపోయాను. ఆ తర్వాత అర్థమైంది. మా ఇంట్లో ఏదైనా తప్పు జరిగితే అది ఎక్కడ జరిగిందని చూడం, ఎవరు చేశారని చూస్తాం. వాడికి అది అలవాటైపోయింది. నోరు మూసుకుని కూర్చుంటే తొందరగా తెములుతుందని నేర్చుకున్నాడు.

అదే ఏడాది టీచరుగారు వెళ్ళి చూసి రమ్మంటే నేనొక్కణ్ణే నార్‌కాన్‌కి వెళ్ళాను. కన్వెన్షన్ అనగానే నాకు తానా, ఆటా మహాసభలే తెలుసు: పట్టుచీరలు, పెద్ద స్టేజి, బాంక్వెట్ దగ్గర తోపులాట. ఇక్కడా శనివారం రాత్రి బాంక్వెట్ ఉంటుంది, తోపులాట ఉండదు. అమెరికాలో మోడల్ రాకెట్లు ఎగరేసేవాళ్ళ జాతీయ సంఘం ఒకటుంది. పేరు నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ, పొట్టిగా నార్. ఏటా ఒక ఊరి క్లబ్బు ముందుకొచ్చి ఆతిథ్యం ఇస్తుంది. ఒక శని ఆదివారాలు కూర్చుని మాట్లాడుకుంటారు. ఒక గదిలో రెక్కలు నిటారుగా ఎలా అంటించాలో, ఇంకో గదిలో ఆల్టిమీటర్ ఎందుకు తప్పు ఎత్తు చూపిస్తుందో, మరో గదిలో స్కూలు పిల్లలతో క్లబ్బు ఎలా నడపాలో. కిట్లు తయారుచేసే కంపెనీల వాళ్ళు బల్లలు వేసుకుని కూర్చుంటారు. సగం మందికి తెల్లగడ్డాలు.

నేను వెళ్ళిన మొదటి గదిలో ఒక పెద్దాయన బల్ల మీద విరిగిన రాకెట్ ముక్కలు వరసగా పేర్చుకుని నిలబడ్డారు. తన రాకెట్ ఎలా కూలిందో ముప్పావు గంట చెప్పారు. వినేవాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు. అయ్యో పాపం అనలేదు. ఆయన చెప్పడం ఆపగానే చేతులు లేచాయి. తాడు ఎంత పొడుగు? ఎన్ని సెకన్ల ఆలస్యం పెట్టారు? ఆ రోజు ఎంత చలి? ఆయన ఒక్కోదానికీ జవాబిస్తూ, జవాబు లేనిచోట "అది నేను కొలవలేదు" అంటూ రాసుకుంటున్నారు. ఇరవై ఏళ్ళుగా ఆఫీసు మీటింగుల్లో కూర్చుంటున్నాను. అంతమంది ముందు "అది నేను కొలవలేదు" అని అంత తేలిగ్గా అన్న మనిషిని చూడ్డం అదే మొదలు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇంకొకాయన పక్కన కూర్చున్నాను. ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి రిటైరయ్యారట. మన పారాషూట్ సంగతి చెప్పాను. చెప్పేటప్పుడు "మావాళ్ళు పెట్టారు" అని అబద్ధమాడాను, సిగ్గేసి. ఆయన చేతిరుమాలు కాగితం మీద గొట్టం బొమ్మ గీసి, "మీ గొట్టం ఎంత లావు?" అన్నారు. గొట్టం వ్యాసానికి ఒకటిన్నర, రెండు రెట్ల ఎత్తుదాకా పీచు ఉండాలి, అది వదులుగా ఉండాలి, గట్టిగా కుక్కితే అది కూడా బిరడాలా ఇరుక్కుంటుంది అని చెప్పారు. ఎవరు పెట్టారని అడగలేదు. ఆ కాగితం ఇప్పటికీ మా గరాజ్‌లో గోడకి అంటించి ఉంది.

ఈ మనుషులు ఇలా ఉండటానికి ఒక కారణం వాళ్ళ హాబీ పుట్టుకలోనే ఉందనిపిస్తుంది. 1950లలో ఇక్కడి పిల్లలు ఇనప గొట్టాల్లో మందు కూరి సొంతంగా రాకెట్లు చేసి వేళ్ళు, కళ్ళు పోగొట్టుకునేవాళ్ళు. నెబ్రాస్కాలో నార్‌ఫోక్ అనే చిన్న ఊళ్ళో చెప్పుల షాపు నడిపే ఆర్విల్ కార్లైల్‌కి బాణాసంచా పిచ్చి. ఆయన సోదరుడు రాబర్ట్‌కి మోడల్ విమానాల పిచ్చి. ఇద్దరూ కలిసి 1954లో కాగితం గొట్టం, తేలిక చెక్క, మార్చుకోగల చిన్న మోటారు, కిందికి దించే పారాషూట్ ఉన్న ఒక బుల్లి రాకెట్ చేశారు. న్యూ మెక్సికోలో వైట్ శాండ్స్ క్షిపణి కేంద్రంలో పనిచేసిన హారీ స్టైన్ అనే ఇంజనీరు, పిల్లలు ఇలా ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారని 1957 మొదట్లో పత్రికలో రాస్తే, చెప్పుల షాపాయన చదివి తన రాకెట్లు కొన్ని ఆయనకి పోస్టులో పంపించాడు. స్టైన్ వాటిని ఎగరేసి చూశాడు. అదే ఏడాది ఈ సంఘం మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో స్పుత్నిక్ ఎగిరి, ఊరూరా పిల్లలకి రాకెట్ల మీద మోజు పట్టుకుంది. మోటార్లు చాలకపోతే డెన్వర్‌లో బాణాసంచా వ్యాపారి కొడుకు వెర్న్ ఎస్టెస్ అయిదారు సెకన్లకొక మోటారు చేసే యంత్రం కట్టి, దానికి మేబెల్ అని పేరు పెట్టుకున్నాడు. మీ పిల్లలు గురువారం సాయంత్రాలు వాడేవి ఎస్టెస్ మోటార్లే.

అందులో ఉండేది ఏమిటనుకున్నారు? సూరేకారం, గంధకం, బొగ్గు. దీపావళి ముందు మా పెరట్లో మామయ్య కల్వంలో నూరినవే. మాది నాయుడుపేట దగ్గర పల్లె. ఒక ఏడాది తారాజువ్వ పుల్ల సగానికి విరిగిపోతే, ఏముందిలే అని మిగిలిన సగంతోనే సీసాలో పెట్టి అంటించాను. అది పైకి పోకుండా గిరగిరా తిరిగి పక్కింటివాళ్ళ గడ్డివాములో దూరింది. దెబ్బలు బాగానే పడ్డాయి. పుల్ల ఎందుకంత పొడుగ్గా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అడిగే ధైర్యం నాకూ లేదు. ముప్పై ఏళ్ళ తర్వాత, ఇదే క్లబ్బులో ఏడో తరగతి పిల్లాడు ఒకడు చెప్పాడు: "అంకుల్, బరువు నిలిచే చోటు ముందుండాలి, గాలి నెట్టే చోటు వెనకుండాలి. పుల్ల తోకలాగా గాలిని వెనక పట్టుకుంటుంది. మనకి ఆ పని ఈ రెక్కలు, ఫిన్స్, చేస్తాయి." గడ్డివాము బాకీ ఆ రోజు తీరింది.

వాడికి ఆ సంగతి ఎవరు చెప్పారు? క్లబ్బు లాప్‌టాప్‌లో ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. గీసిన రాకెట్ మీద బరువు నిలిచే చోట నీలం చుక్క, గాలి నెట్టే చోట ఎర్ర చుక్క చూపిస్తుంది. అది ఫిన్లాండ్‌లో ఒక విద్యార్థి 2009లో తన మాస్టర్స్ థీసిస్ కోసం రాసింది. ఎర్ర చుక్క ఎక్కడ పెట్టాలో లెక్కగట్టే పద్ధతి జేమ్స్ బారోమన్‌ది. నాసా గొడ్డార్డ్ కేంద్రంలో పై వాతావరణాన్ని కొలిచే చిన్న సౌండింగ్ రాకెట్ల మీద అప్పట్లో పనిచేసే కుర్ర ఇంజనీరు ఆయన. తన ఆఫీసు లెక్కని హాబీ వాళ్ళు కూడా కాగితం మీద చేసుకునేంత సులువు చేసి 1966లో ఇదే నార్ ఏటా జరిపే జాతీయ పోటీల దగ్గర, మైదానంలో రాకెట్లు ఎగరేసేవాళ్ళ ముందు పెట్టాడు. అంతకుముందు వాళ్ళు అట్టముక్కని రాకెట్ ఆకారంలో కత్తిరించి, వేలి మీద నిలబెట్టి చూసుకునేవాళ్ళు. అంటే మీ పాప గురువారం నాడు మౌస్ నొక్కగానే కనబడే ఆ ఎర్ర చుక్క, ఒకాయన పదిమందికీ చెప్పిన మాట. ఊరికే మాటలు వినడానికి ఎనిమిది గంటలా అని అడిగిన అన్నగారికి నా దగ్గర ఇంతకన్నా మంచి జవాబు లేదు.

ఇంకో ఇద్దరు నాన్నలు "బొమ్మ రాకెట్లే కదా" అన్నారు. నిజమే. మన దేశం కేరళలోని తుంబా నుంచి 1967లో ఎగరేసిన సొంత రాకెట్ ఆర్‌హెచ్-75. పేరులోని 75 దాని లావు, మిల్లీమీటర్లలో. గుడ్డు పట్టేలా మన పిల్లలు కట్టే గొట్టం కూడా కాస్త అటూ ఇటూగా అంతే లావు ఉంటుంది. మిగతా పోలికలు లేవని నాకూ తెలుసు, నవ్వకండి.

శ్రీహరికోట మా ఇంటికి దగ్గరే. 1993 సెప్టెంబరు 20న తొలి పీఎస్ఎల్‌వీ లేచినప్పుడు నాకు పన్నెండేళ్ళు. మేడెక్కి చూశాం. తెల్లటి తోక ఒకటి పైకి పోయింది, అందరం చప్పట్లు కొట్టాం. సాయంత్రం రేడియోలో అది సముద్రంలో పడిందన్నారు. ఎందుకు పడిందని మా సైన్సు మాస్టారుని అడిగితే, "పరీక్షలో వస్తుందా అది?" అన్నారు. మంచాయనే, ఆయనకీ తెలియదు, తెలియదని చెప్పడం అలవాటు లేదు. ఆ రాకెట్ చేసినవాళ్ళు మాత్రం ఎక్కడ తప్పిందో వెతికి పట్టుకున్నారు. రెండో దశ విడిపోయే దగ్గర అదుపు తప్పిందని తేల్చి, సరిచేసి, మరుసటి ఏడాది అక్టోబరు 15న మళ్ళీ ఎగరేశారు. ఆ ఏడాది మధ్యలో వాళ్ళు గదుల్లో కూర్చుని ఏం మాట్లాడుకుని ఉంటారో నాకు నార్‌కాన్‌లో ఆ విరిగిన ముక్కల పెద్దాయన్ని చూశాక కొంత తెలిసింది. మేడ మీద నిలబడ్డ పన్నెండేళ్ళ పిల్లాడికి, అలాంటి గదిలో వెనక వరసలో ఒక కుర్చీ ఇచ్చి ఉంటే బాగుండేదని అనుకోని రోజు లేదు. మీ పిల్లలకి ఆ కుర్చీ ఉంది. సంతకం ఒక్కటే తక్కువ.

ఇక లెక్కలు, తొందరగా.

ఒక్కొక్కరికి 160 డాలర్లు. అందులో రెండు రాత్రుల హోటల్, వ్యాన్, బాంక్వెట్ అన్నీ ఉన్నాయి. ఎవరికైనా ఇబ్బందైతే టీచరుగారితో ఒక్క మాట చెప్పండి, ఇంకెవరికీ తెలియదు. శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరి ఆదివారం రాత్రి ఇంటికొస్తాం. విమానం ఎందుకు కాదని కొందరు అడిగారు. ఖర్చు ఒకటి. రెండోది, ఆదివారం వాతావరణం బాగుంటే ఎగరేద్దామని పిల్లల ఆశ. మోడల్ రాకెట్ మోటార్లు విమానంలో చేతి సంచీలోనూ కుదరవు, చెకిన్ సూట్‌కేసులోనూ కుదరవు. మందు లేని ఖాళీ రాకెట్ తీసుకెళ్ళొచ్చు, మోటారు మాత్రం కుదరదు. సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నాను. వేసవిలో ఇండియా వెళ్ళేటప్పుడు నాలుగు మోటార్లు బట్టల మధ్య పెట్టుకెళ్ళి తాతగారి ఊళ్ళో ఎగరేస్తామన్న అన్నగారు దయచేసి ఆ ఆలోచన మానుకోండి. పిల్లాడు మీ మాట విని అది బాగుందన్నాడు, నాకు గుండె ఆగినంత పనైంది.

ముగ్గురు ఆడపిల్లల అమ్మలు రాత్రిళ్ళు హోటల్లో ఎలా అని అడిగారు. అడగాల్సిన మాటే. టీచరుగారు, ఇద్దరు అమ్మలు ఆడపిల్లల గదుల పక్కగదిలోనే ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు మనవాళ్ళయితే మీకూ ధైర్యంగా ఉంటుంది, అందుకని మీలో ఎవరైనా ముందుకు రండి. తోడు వచ్చే పెద్దలందరికీ స్కూలు వాళ్ళు పోలీసు రికార్డు తనిఖీ చేయిస్తారు, దానికి పది రోజులు పడుతుంది. మైదానంలో భయం గురించి కూడా అడిగారు. రాకెట్‌లో లోహపు ముక్కు, లోహపు రెక్కలు ఉండకూడదు. చిన్న మోటార్లకు 15 అడుగులు, పెద్దవాటికి 30 అడుగుల దూరంలో నిలబడే బటన్ నొక్కాలి. గాలి గంటకు 20 మైళ్ళు దాటితే ఎగరేయరు. మన దీపావళితో పోలిస్తే ఇది గుడి.

తిండి: బాంక్వెట్‌లో శాకాహారం కావాలంటే ఫారంలో గడి ఉంది, నింపండి. నింపకుండా వచ్చి అక్కడ పిల్లాడు రొట్టెముక్క నములుతుంటే ఫోన్లో నన్ను తిట్టొద్దు. వ్యాన్‌లోకి పులిహోర నేను తెస్తాను. పెరుగన్నం తెస్తామన్నవాళ్ళకి ముందే దండం.

వెంట వచ్చే నాన్నలకి ఇంకో విన్నపం. అక్కడ కనబడిన ప్రతి పెద్దమనిషినీ ఏ కంపెనీలో చేస్తారు, మావాడికి ఇంటర్న్‌షిప్ దొరుకుతుందా అని అడగొద్దు. పిల్లలు ఎవరితోనైనా మాట్లాడుతుంటే వెనక నిలబడి ఫొటో తీయొద్దు. వాళ్ళు తప్పుగా చెప్తే మధ్యలో దూరి సరిచేయొద్దు. ఆదివారం రాత్రి ఇంటికి రాగానే "ఏం సాధించావు?" అని అడగొద్దు. ఏమైనా అడగాలనిపిస్తే, ఎవరి రాకెట్ ఎలా పడిపోయిందో అడగండి. అన్నం చల్లారిపోయేదాకా చెప్తారు.

మ్యాథ్ కాంటెస్ట్ ఉన్న ఇద్దరు పిల్లల సంగతి మీ ఇష్టం. అది మంచి పరీక్షే, మా పెద్దది కూడా రాసింది. కాకపోతే వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి ఒకసారి అడగండి. మీకు జవాబు తెలిసే అడగడం లేదనుకుంటాను.

చివరి సంగతి. నార్‌కాన్‌కి ఏం తీసుకెళ్తారని టీచరుగారు అడిగితే, ఈ ఏడాది కొత్త రాకెట్ తీసుకెళ్తారనుకున్నాను. పిల్లలు వద్దన్నారు. పోయిన ఏడాది దుక్కిలో దిగబడిన పాతదాన్నే, మట్టి కూడా కడగకుండా, కరిగిన పారాషూట్ ఉండతో సహా ఒక పెట్టెలో సర్దారు. అక్కడ ఎవరికైనా చూపించి, సరిగ్గా ఏ క్షణంలో ఏం జరిగిందో అడుగుతారట. దాంతోపాటు ఫ్లైట్ల నోటుబుక్కు. తేదీ, మోటారు, గాలి, బరువు అన్నీ రాసి ఉంటాయి, ఎనిమిదో తరగతి అమ్మాయి చేతిరాత, ముత్యాల్లా ఉంటుంది. మూడో ఫ్లైట్ పేజీలో, పారాషూట్ మడిచింది ఎవరు అనే గడిలో ఆ పాప 'అంకుల్' అని రాసింది.

ఆ ఒక్క పేజీ తీసేసి తీసుకెళ్దామా అని మొన్న మెల్లగా అడిగాను. "అది డేటా అంకుల్" అంది.

ఫారాలకు గడువు వచ్చే గురువారం.

ఇట్లు,
మీలో ఒకడైన ఆ అంకుల్